మాస్టరు నిజమే అన్నాడు

హిందూపురంలో పొద్దున రైలెక్కి పెనుకొండలో దిగుతాను. అక్కడి బడిలో సైన్సు చెబుతాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చేసిన తప్పు తెలియక చేసింది కాదు.

నా స్నేహితుడిది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాడు. నేసేవాడు అని రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. చెన్నేకొత్తపల్లి దగ్గర పల్లె నుంచి వచ్చి ధర్మవరం కాలేజీలో చేరినప్పుడు వాళ్ళింటి ముందు గదిలోనే అద్దెకున్నాను. మాది సేద్యం, మగ్గం ముఖం ఎరగను. మగ్గం మీది పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, కొత్త పడుగు పోగుల్ని పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. ఆ పనికి నన్నూ పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఒకసారి నా చేతిలో ఒక పోగు తెగింది. ఇన్నింటిలో ఒకటి ఎవరికి కనబడుతుందిలే అని ఊరుకున్నాను. నేత సాగేకొద్దీ చీర పొడవునా సన్నటి గీత పడుతూ వచ్చింది. వాళ్ళ నాయన చూసి, ఎవరు అతికారని అరిచాడు. నేనే అన్నాడు వాడు. తిట్లన్నీ వాడే తిన్నాడు. నేను గోడకు అంటుకుపోయి నిలబడ్డాను. తర్వాత వాడు నాతో అన్నది ఒక్కటే మాట.

"తెగితే తెగిందని అప్పుడే చెప్పల్లబ్బా. అప్పుడైతే ముడేస్తే పాయె."

కరోనా రోజుల్లో మగ్గాలు ఆగిపోయాయి. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషికి ఫోను దొరికింది. వాణ్ణి పిచ్చివాడని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మరమగ్గం చీరకు చేనేత అని చీటీ అంటించి అమ్మడం వాడు కళ్ళారా చూశాడు. తన కష్టం పేరుతో ఇంకెవరో బాగుపడటం చూశాడు. అలాంటివాడికి, షుగరు అనే జబ్బే లేదు, మందుల కంపెనీలు పుట్టించిన కథ, పరీక్ష చేసే మిషన్లు ఎక్కువ చూపించేలా తయారుచేస్తారు అని ఫోనులో ఎవడో గట్టిగా చెబితే, నమ్మడం పెద్ద కష్టమేం కాలేదు. అప్పటికి వాడికి షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది.

మొదట్లో వాదించాను. ఒక ఆదివారం వాళ్ళింట్లో కాగితం మీద కడుపు, క్లోమం అన్నీ గీసి పిల్లలకు చెప్పినట్టు పాఠం చెప్పాను. అంతా విని, నిన్ను చదివించినోళ్ళు గూడా వాళ్ళేనప్పా అన్నాడు. నేను పెద్దగా నవ్వాను. వాడి భార్య ఎదురుగా నవ్వాను. ముఖం ముడుచుకున్నాడు. రెండు నెలలు నా ఫోను ఎత్తలేదు. చివరికి తనే ఫోను చేసి, ఏమప్పా బాగుండావా అన్నాడు. ఆ రోజు నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత పొద్దున రైల్లో కూర్చునేసరికి వాడి వీడియోలు పది, పదిహేను వచ్చి ఉండేవి. ఒక్కటీ తెరిచేవాణ్ణి కాదు. అన్నిటికీ కలిపి 'నిజమేబ్బా' అని కొట్టి ఫోను జేబులో పెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు ఒక్కో వీడియో కిందా వేరువేరుగా రాయడం కూడా అలవాటైంది. స్నేహం నిలవాలి కదా అని సర్దిచెప్పుకున్నాను. ఉత్తమాట. సగం బద్ధకం. మిగతా సగం, వీడికి చెప్పినా ఎక్కదులే అనే పొగరు. మాత్రలు వేసుకుంటున్నావా అని ఒక్కరోజు కూడా అడగలేదు.

ఒకరోజు బడిలో ఉండగా వాడి భార్య ఫోను చేసింది. వాడికి జరీ పోగుకూ పట్టుపోగుకూ తేడా తెలియడం లేదట. ఒక కన్ను పూర్తిగా మసకట. పరుగెత్తాను. కంటి ఆస్పత్రిలో డాక్టరు, లోపల రక్తం చిమ్మింది, షుగరు వదిలేసినందుకే ఇలా, ఒక కన్ను రాదు, రెండోదాన్ని కాపాడుకోవాలి అన్నాడు. బయట వరండాలో ఆమె నా పక్కకొచ్చి నిలబడింది.

"మాత్రలు మానొద్దని ఏడ్చి చెప్పినానన్నా. నీ మెసేజులు చూపిచ్చినాడు. మాస్టరే నిజమే అంటాండాడు, నీకేం తెలుసు అన్న్యాడు. ఆ మాత్రలు నిజంగానే వద్దా అన్నా?"

ఆమె నన్ను తప్పుపట్టలేదు. తెలుసుకుందామని అడిగింది. ఇప్పటికీ నా మాట మీదే ఆధారపడి అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. వేసుకోవాలమ్మా, తప్పకుండా వేసుకోవాలి అన్నాను. మరి ఆ మెసేజులేమిటి అన్నట్టు చూస్తుంటే, మందుల చీటీ పట్టుకుని కౌంటరు వైపు నడిచాను.

పోయిన నెల ధర్మవరం వెళ్ళాను. మగ్గం ముందే కూర్చుని ఉన్నాడు, నేయడం లేదు. మిగిలిన కంటికి ఫోనులో అక్షరాలు ఆనడం లేదట. నా చేతికిచ్చి, కొత్తగా ఏం వచ్చినాయో చదువప్పా, నువ్వు చదివితే నాకు నమ్మకం అన్నాడు. తెరిచాను. మా ఇద్దరి మాటలు ఎంత పైకి జరిపినా నా 'నిజమేబ్బా'లే. ఇక ఆపుకోలేకపోయాను. ఇవన్నీ అబద్ధాలబ్బా, నేను ఒక్కటీ చూడలేదు, చూడకుండానే రాశాను అని చెప్పేశాను.

వాడు పడుగు మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరాడు. ఇంతలో వాడి భార్య కాఫీలు తెచ్చింది. మా ముఖాలు చూసి, ఏమైంది, ఆ మెసేజుల సంగతేనా అని అడిగింది. వాడు ఆమె వైపు తిరిగాడు.

"ఈయప్పదేం లేదు. మొదట్నుంచీ మాత్రలు మానొద్దనే చెప్పినాడు. నేనే వినల్యా."

కాదమ్మా అనాలి. నోటిదాకా వచ్చింది. ఆమె గ్లాసు నా ముందుకు చాపింది. తీసుకుని తాగాను.