అతకని అబద్ధం

ముప్పై ఒక్క ఏళ్ల ప్రాక్టీసులో ప్లీడరమ్మ ఆడిన అబద్ధం ఒక్కటంటే ఒక్కటి. అదీ అతకలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలని లోకమంతా చెబుతుంది. తేదీ తేడా వచ్చిందని ఎందరో సాక్షులను బోనులో నిలబెట్టి ఉతికి ఆరేసిన మనిషి, తన వంతు వచ్చేసరికి గోడమీది క్యాలెండరు వైపైనా చూడలేదు.

"ఆ కాపీలు పోస్టులో వచ్చాయి. పన్నెండో తేదీన" అంది దర్యాప్తు అధికారులతో. ఆ వారమంతా పోస్టాఫీసు సమ్మెలో ఉంది. వాళ్లు రాసింది మొదటినుంచి చివరిదాకా చదివి మరీ సంతకం పెట్టింది. చదవకుండా సంతకం పెట్టే అలవాటు ఆమెకు లేదు కదా!

ఆమె ఆఫీసు కోర్టు గేటుకు ఎదురుగా, జిరాక్సు షాపు మీద. రెండు గదులు, ఇరుకు మెట్లు. కింద మిషను తిరుగుతున్నంతసేపూ పైన టేబులు మీది గ్లాసులో నీళ్లు వణుకుతుంటాయి. కుర్చీ వెనక అట్టముక్క మీద ఆమె చేతిరాత: "చదవకుండా సంతకం పెట్టకూడదు." అద్దె తగాదాకు వచ్చినా, విడాకులకు వచ్చినా, ప్రతి పంక్తీ పైకి చదివితేగానీ పెన్ను చేతికివ్వదు. చదువు రానివాళ్లకు తనే రెండుసార్లు చదివి వినిపిస్తుంది. తోటి ప్లీడర్లు ఆ ఆఫీసును బడి అంటారు. అననీ. ఆ బడిలో చదువుకున్నవాళ్లెవరూ తర్వాత మోసపోయామని ఏడవలేదు.

నిరుడు ఊరి చివర ఫ్యాక్టరీలో బాయిలరు పేలి పదకొండు మంది పోయారు. బాయిలరు భేషుగ్గా ఉండేది, తప్పంతా పనివాళ్లదే అన్నారు యజమానులు. చనిపోయినవాళ్లనే దోషులను చేస్తే ఇక ఎదురుచెప్పేవాళ్లు ఉండరు కదా. ఆ పదకొండు కుటుంబాలూ ప్లీడరమ్మ మెట్లెక్కాయి.

ఒకనాడు మధ్యాహ్న భోజనాల వేళ, ఆ ఫ్యాక్టరీలో స్టోర్సు చూసే అమ్మాయి సంచిలో ఒక రిజిస్టరు పెట్టుకుని వచ్చింది. మరమ్మతుల పుస్తకం అది. మూడు నెలల పాటు ప్రతి వారం అదే మాట: "సేఫ్టీ వాల్వు పనిచేయడం లేదు, కొత్తది కావాలి." ప్రతిదాని కింద మేనేజరు పొట్టి సంతకం. నలభై ఆరు పేజీలూ కింద జిరాక్సు తీయించి, ఒక్కో పేజీ అసలుతో పోల్చి చూసి, సరిపోయిందని ప్రతిదాని మీదా సంతకం చేసింది ప్లీడరమ్మ. గంట కొట్టేలోపు ఆ పిల్ల పుస్తకాన్ని మళ్లీ స్టోర్సు బీరువాలో పెట్టేసింది.

కేసు కేంద్ర దర్యాప్తువాళ్ల చేతికి వెళ్లింది. పొద్దున ఒక ఫోర్‌మన్ వాళ్లకు వాంగ్మూలం ఇస్తే, సాయంత్రానికల్లా ఫ్యాక్టరీ మనుషులు అతని ఇంటిముందు నిలబడ్డారు. వారం తిరక్కుండా అతను పెళ్లాంబిడ్డలతో ఊరొదిలి పోయాడు. మాట ఎవరు మోశారో ఈనాటికీ తేలలేదు. అందుకే ఇద్దరు అధికారులు వచ్చి "ఈ కాపీలు ఎవరిచ్చారు?" అని అడిగినప్పుడు, ప్లీడరమ్మ నోట పోస్టు మాట వచ్చింది. చెప్పనంటే సరిపోయేది. ఆ సంగతి నూరుమంది క్లయింట్లకు నేర్పింది తనే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినందుకు ఆమె మీదే కేసు పడింది.

ఒకప్పటి ఆమె జూనియరు ఇప్పుడు కారులో తిరిగే పెద్ద ప్లీడరు. అడగకుండానే వకాల్తా పుచ్చుకుని ఇంటికి వచ్చాడు. వంటింటి బల్ల దగ్గర ఆమె భర్త బఠాణీలు ఒలుస్తున్నాడు. బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి.

"రెండు దారులున్నాయి మేడమ్. పేరు చెప్పేస్తే కేసు ఎత్తేస్తామంటున్నారు."

"రెండోది చెప్పు."

అతను కాగితం ముందు పెట్టాడు. ఆమె పైకి చదివింది. "వయసు మీద పడి జ్ఞాపకశక్తి సన్నగిల్లినందున, పొరపాటున అలా చెప్పితిని..." అక్కడికి ఆపి, కళ్లద్దాల మీదుగా చూసింది.

"నీ మొదటి కేసు నంబరెంతరా?"

"ఇప్పుడదెందుకు మేడమ్?"

"మూడొందల పన్నెండు. వాయిదా తేదీ మర్చిపోయి, జిరాక్సు షాపు వెనక నిలబడి ఏడ్చావు. నాకా మతిమరుపు?"

మాస్టారు నవ్వాడు. ఆ వెంటనే నవ్వు ఆపేశాడు. "పెట్టెయ్యవే సంతకం. నల్లకోటైనా మిగులుతుంది. అది పోతే రోజంతా ఇంట్లో కూర్చుని నన్నే బోనెక్కించి క్రాస్ చేస్తావు. నేను తట్టుకోలేను" అన్నాడు. హాస్యానికన్నట్టే అన్నాడుగానీ ఒలిచిన బఠాణీలను తొక్కల్లో వేస్తున్నాడు. ఆమెకూ భయంగానే ఉంది. ఆ నల్లకోటు లేకుండా తానెవరో ఆమెకు తెలియదు.

"నాకు మతి లేదని ఇక్కడ రాసిస్తే, ఆ నలభై ఆరు పేజీల మీద నా సంతకాలకు విలువేముంటుందండీ? ఈవిడ ఏం పోల్చిందో, ఏం మర్చిపోయిందో అంటాడు ఫ్యాక్టరీ ప్లీడరు. అబద్ధమంటారా, ఒక్కటే ఆడాను, ఎందుకాడానో చెప్పగలను. మతిమరుపుకి ఎందుకన్నది ఉండదు. అది అన్నిటినీ తినేస్తుంది."

జూనియరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. గురువుగారితో వాదించి గెలిచిన రోజు అతనికి గుర్తులేదు.

మర్నాడు స్టోర్సు అమ్మాయి ఆఫీసుకొచ్చి ఏడ్చింది. "నేనే ఇచ్చానని చెప్పేస్తానమ్మా. నా మూలాన మీకెందుకీ కష్టం?"

"నోర్ముయ్. నువ్వు నిలబడగలిగిన రోజు, నీకు చెప్పాలనిపించిన రోజు చెప్పు. నా కోటు కోసం మాత్రం చెప్పకు. నీ కన్నా నా కోటు ఎక్కువ కాదు" అని కసిరి, గ్లాసుతో నీళ్లిచ్చి పంపింది.

వాయిదా రోజు రానే వచ్చింది. పొద్దున ఒక హాల్లో ఆమె మీద కేసు. మధ్యాహ్నం పక్క హాల్లో, ఫ్యాక్టరీ చేత అసలు రిజిస్టరు తెప్పించమని పదకొండు కుటుంబాల తరఫున ఆమె వేసిన పిటిషను. ముద్దాయి బోనులో కోటుతో నిలబడకూడదు. విప్పి, మడిచి, ప్లీడర్ల వరసలో తను రోజూ కూర్చునే కుర్చీలో పెట్టింది. హాలు కిటకిటలాడుతున్నా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

"నేరం ఒప్పుకుంటున్నారా?" అడిగాడు మేజిస్ట్రేటు.

"ఒప్పుకుంటున్నాను. అవి పోస్టులో రాలేదు. ఎవరిచ్చారో అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. చెబితే ఆ మనిషికి ప్రాణగండం. అందుకే చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను."

గుమాస్తా టైపు చేసి, సంతకానికి కాగితం అందించాడు.

"చదవండి" అంది.

అతను చదివాడు. "...పొరపాటున అబద్ధము చెప్పితిని."

"పొరపాటున అని నేననలేదు. తెలిసే చెప్పాను. దిద్దండి."

"అది మీకే మంచిదమ్మా" అన్నాడు గుమాస్తా మెల్లగా. పాపం, ఇరవై ఏళ్లుగా ఎరిగిన మనిషి.

"నా మంచి నేను చూసుకుంటాను నాయనా. తెలిసే అని రాయి."

దిద్దాడు. మళ్లీ మొదటినుంచి చదివించుకుని అప్పుడు సంతకం పెట్టింది. శిక్ష సోమవారం చెబుతామని మేజిస్ట్రేటు వాయిదా వేశాడు. ప్లీడరమ్మ బోను దిగి, కుర్చీ దగ్గరికి వెళ్లి, కోటు దులిపి తొడుక్కుంది.

"మేడమ్, ఇంకా కోటు..." అని నసిగాడు జూనియరు.

"తీసెయ్యమని ఆర్డరు వచ్చిందా? వచ్చినప్పుడు తీస్తా. పద, పక్క హాల్లో పిలుస్తున్నారు."

అక్కడ ఫ్యాక్టరీ ప్లీడరు ఆమె నోరు తెరవకముందే లేచాడు. "ఈవిడ మాట ఎలా నమ్మడం? అబద్ధం ఆడానని ఇప్పుడే ఒప్పుకుని వచ్చారు!"

"ఒప్పుకున్నాను. తెలిసే ఆడానని పట్టుబట్టి రాయించి మరీ వచ్చాను. నన్ను నమ్మమని ఈ కోర్టును అడగటం లేదు. అసలు పుస్తకం తెప్పించమంటున్నాను. నా కాపీలో ఒక్క అక్షరం తేడా ఉన్నా, సోమవారం పడే శిక్షకు ఇంకో రెండేళ్లు కలపండి. మరి వారికెందుకు ఆ పుస్తకమంటే అంత భయం?"

ఫ్యాక్టరీ ప్లీడరు తన క్లయింటు వైపు చూశాడు. క్లయింటు నేల చూపులు చూశాడు. వెనక బెంచీల్లో పదకొండు కుటుంబాలవాళ్లు ముందుకు వంగి వింటున్నారు. జడ్జి నలభై ఆరు పేజీలూ తిప్పి చూసి, ఏదో చెప్పి రాయించాడు. ప్లీడరమ్మ నోరు తెరవబోయింది. ఆమె అడగకముందే ఈ హాలు గుమాస్తా గొంతు సవరించుకుని, చివరి బెంచీకి వినిపించేలా పైకి చదివాడు: "అసలు రిజిస్టరును పది రోజుల్లోగా ఫ్యాక్టరీవారు కోర్టుకు అప్పగించవలెను."