‘ఆడుకొనుటకు’ అని నేను రాసిన నోటు

ఉద్యోగ విరమణకు రెండేళ్లుండగా, జూన్ మొదటి వారంలో, నన్ను వరంగల్‌లోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ఫిజికల్ డైరెక్టర్‌గా బదిలీ చేశారు. బడిలో ఆటలు నేర్పేవాణ్ని పీఈటీ అంటారు, కాలేజీలో పీడీ అంటారు. హోదాకు లెక్చరర్‌తో సమానమే. స్టాఫ్ మీటింగులో కుర్చీ మాత్రం చివర్నే. సిలబస్ పూర్తికాని లెక్చరరెవరైనా ముందు అడిగేది మా పీరియడే. “ఆటలే కద సార్, రేపాడిపియ్యుండ్రి” అంటారు. ముప్పై ఏళ్లు ఈ మాట విన్నాను, విన్నప్పుడల్లా ఒళ్లు మండేది. అలాంటి నేను కూడా ఒకసారి అదే మాట అన్నాను. అనడమే కాదు, కాగితం మీద రాసి సంతకం పెట్టాను.

పీడీ పనుల్లో ఓడీ ఒకటి. ఆన్ డ్యూటీ అన్నమాట. పోటీలకు వెళ్లిన విద్యార్థి ఆ రోజుల్లో క్లాసుకు రాకపోయినా వచ్చినట్టే లెక్క. విద్యార్థి దరఖాస్తు మీద పీడీ నోటు రాస్తాడు, ప్రిన్సిపాల్ మంజూరు చేస్తారు. హాజరు డెబ్బై ఐదు శాతం లేకపోతే పరీక్ష రాయనివ్వరు. అందుకని ఆటగాళ్లకు ఓడీ చాలా అవసరమైన కాగితం.

సెప్టెంబరులో శ్రావణి అనే బీకాం రెండో సంవత్సరం అమ్మాయి ఓడీ దరఖాస్తు తెచ్చింది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంటి పిల్ల. హైదరాబాదులో ఆరు రోజుల రాష్ట్రస్థాయి పోటీ అని రాసి ఉంది. ఏ ఆటమ్మా అని అడిగాను. మొబైల్ గేమ్ సార్, మా టీమ్ల నలుగురం, నేను కెప్టెన్ అంది. నేను కబడ్డీ ఆడినవాణ్ని. నా మోకాళ్ల మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. కుర్చీలో కూర్చుని ఫోను నొక్కేదాన్ని రాష్ట్రస్థాయి అంటుంటే నవ్వొచ్చింది. దరఖాస్తుకు జతచేసిన నాలుగు కాగితాలు తిప్పి కూడా చూడలేదు. “విద్యార్థిని ఫోనులో ఆడుకొనుటకు వెళ్లుచున్నందున సిఫారసు చేయుటకు వీలులేదు” అని రాసి పైకి పంపాను. శ్రావణి ఓడీ లేకుండానే వెళ్లి ఆడి వచ్చింది.

నవంబరులో హాజరు తక్కువైనవాళ్ల జాబితా నోటీసు బోర్డు మీదికి ఎక్కింది. శ్రావణి పేరు పక్కన డెబ్బై రెండు అని ఉంది. ఆ ఆరు రోజులూ కలిస్తే గట్టెక్కుతుంది. కలవకపోతే డిటెయిన్ చేస్తారు, అంటే పరీక్షలకు కూర్చోనివ్వరు. తోటివాళ్లు ముందుకు పోతే తను వచ్చే ఏడు జూనియర్లతో కలిసి మళ్లీ అదే చదవాలి.

ఇలాంటివాటికి ప్రతి ఆఫీసులోనూ ఒక అడ్డదారి ఉంటుంది. మా సూపరింటెండెంట్ మంచి మనిషి, పిల్లలు నష్టపోతే చూడలేడు. “దవాఖాన సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకో బిడ్డా. ఆరు దినాలు జరమొచ్చిందని రాపిచ్చుకో, అయిపాయె,” అన్నాడు. శ్రావణి తల అడ్డంగా ఊపింది. “నాకు జరం రాలె సార్. మ్యాచ్ ఆడిన,” అంది. ఆఫీసంతా నవ్వింది. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

మర్నాడు వాళ్ల నాన్న వెంకటేశం నా గదికి వచ్చాడు. బతిమాలడానికి వచ్చాడనుకున్నాను. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నా నోటు నకలు టేబుల్ మీద పరిచి ఒక మాట మీద వేలు పెట్టాడు.

“సార్, గీడ ఆడుకొనుటకు అని రాసిన్రు. నా బిడ్డ ఆడుకుంటలేదు సార్, ఆడుతాంది. ఆడుకునేది మా చిన్నది. బువ్వ తిందువు రాయే అంటె ఫోన్ ఆడ్నే పారేసి ఉరికొస్తది. గీమె గట్ల కాదు. ఆట ఒడిసినంక కూడ, ఏడ తప్పు వడ్డదో నోట్‌బుక్కుల రాసుకుంట కూసుంటది. మీరు కబడ్డీ ఆడిన్రట గద. మీరు ఆడుకున్నరా, ఆడిన్రా?”

నర్సంపేట దగ్గర పల్లెలో మాకు పత్తి చేను ఉండేది. జిల్లా జట్టుకు ఎంపికయ్యానని ఇంటికొచ్చి చెప్పిన రోజున మా నాన్న “వీడింక ఆడుకుంటనే ఉన్నడు” అని పక్క చేనువాళ్లతో అన్నాడు. నేను వెనకే ఉన్నాను. అప్పుడు ఎంత ఏడ్చానో వెంకటేశం ముందు నిలబడి ఉండగా గుర్తొచ్చింది. సిగ్గేసింది. శనివారం మధ్యాహ్నం మీ అమ్మాయి ఆట చూస్తానని చెప్పి పంపాను.

వాళ్లు సాధన చేసేది లైబ్రరీ వరండాలో. కాలేజీ వైఫై అక్కడిదాకానే వస్తుంది. అలవాటు కొద్దీ స్టాప్‌వాచ్, స్కోరు పుస్తకం పట్టుకెళ్లాను. ఆట సంగతి శ్రావణే చెప్పింది. నలుగురేసి ఉన్న జట్లన్నీ ఫోను తెర మీది ఒక దీవిలో దిగి, తుపాకులతో ఒకదాన్నొకటి పడగొట్టుకుంటాయి. ఆడే చోటు క్రమంగా చిన్నదవుతూ వస్తుంది. చివరిదాకా మిగిలిన జట్టు గెలిచినట్టు. కెప్టెన్ పని కాల్చడం కన్నా చెప్పడం ఎక్కువ. ఎటు పోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆ ఒక్క గొంతే చెప్పాలి.

ఇరవై రెండు నిమిషాలు చూశాను. “ఆగుండ్రి. ఆ ఇంట్లకు పోకుండ్రి, మస్తుమంది ఉన్నరు. ఎన్కకు రాండ్రి.” అంతకుమించి ఒక్క మాట ఎక్కువ లేదు. మధ్యలో ఎదుటి జట్టును పడగొట్టే అవకాశం వచ్చినా వదిలేసి, జట్టును వెనక్కి తెచ్చుకుంది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఊపిరి, దూరం చూసుకుని ఉత్తచేతులతో తిరిగి వస్తే చూసేవాళ్లు ఈలలేస్తారు. అదెంత కష్టమైన నిర్ణయమో ఆడినవాడికి తెలుసు. ఆట కాగానే ఎవరి నాడి వాళ్లే పట్టుకుని లెక్కపెట్టమన్నాను. కుర్చీలోంచి కదలని పిల్లలకు గ్రౌండు రెండు చుట్లు పరిగెత్తినంత వేగంగా కొట్టుకుంటోంది.

ఆ మ్యాచ్ వాళ్లు ఓడిపోయారు. ఒకమ్మాయి కెప్టెన్ మాట వినకుండా ముందుకు ఉరికింది. ఇప్పుడు తిట్లు మొదలవుతాయని చూశాను. శ్రావణి తిట్టలేదు. రికార్డింగు పెట్టి, “ఏడ తప్పినమో సూద్దాం పా,” అంది. నలుగురూ తలలు దగ్గర పెట్టుకుని నలభై నిమిషాలు ఓడిన ఆటే చూశారు. ముందుకు ఉరికిన పిల్ల తన తప్పు తనే చెప్పింది. ముప్పై ఏళ్లలో నా కబడ్డీ జట్లను ఓడిన మ్యాచ్ గురించి పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడించలేకపోయాను. అంపైర్‌ను తిట్టడంతోనే పొద్దు గడిచిపోయేది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. చేతిలో ఫోనుంది కాబట్టి వీళ్లది కాలక్షేపమని తేల్చేశాను.

గదికి వచ్చి, సెప్టెంబరులో చదవని నాలుగు కాగితాలూ చదివాను. పోటీ షెడ్యూలు, నియమావళి, రెఫరీల జాబితా, మోసం చేసిన జట్టును పోటీ నుంచి తొలగించే నిబంధన, అన్నీ ఉన్నాయి. తర్వాత ఓడీ రిజిస్టరు తీశాను. చదరంగం ఆటగాళ్లకు ఆగస్టులో నేనే సంతకం పెట్టాను. మైదానం కొలతలు అన్న గడిలో ‘వర్తించదు’ అని నా దస్తూరీతోనే ఉంది. వాళ్లు కుర్చీలో కూర్చునే ఆడారు మరి!

ప్రభుత్వ ఫైలులో ఒకసారి రాసిన నోటును కొట్టివేయకూడదు. దాని కింద ఇంకో నోటు రాయాలి. పాతదీ కొత్తదీ రెండూ కలకాలం కనబడుతూనే ఉంటాయి. “అడుసు తొక్కనేల, కాలు కడుగనేల సార్” అని సూపరింటెండెంట్ ఆటపట్టించాడు. పై నోటు ఆటను పరిశీలించకుండా రాసినది, నా పొరపాటు, ఆరు రోజులూ ఓడీగా పరిగణించవలెనని రాశాను. ప్రిన్సిపాల్ మేడం రెండూ చదివి కళ్లజోడు తీశారు.

“మొదటి నోటు మీదే, రెండో నోటు మీదే. నేను దేన్ని నమ్మాలె సార్?”

రెండోది చూసి రాసింది మేడం అన్నాను.

ఆమె దాన్ని స్టాఫ్ కౌన్సిల్‌లో పెట్టారు. కామర్స్ లెక్చరర్ లేచి, రేపు ఆన్‌లైన్ రమ్మీ ఆడేవాడు వస్తే వాడికీ ఇస్తారా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పందెం కాసేదానికి ఇవ్వనని, నియమాలు, రెఫరీ, షెడ్యూలు ఉన్న పోటీకే ఇస్తానని చెప్పాను. కళ్లు, మెడ, మణికట్టు పాడవకుండా ఈ జట్టు కూడా రోజూ పొద్దున అరగంట గ్రౌండుకు రావాలని షరతు పెట్టాను. చర్చ గంట నడిచింది. చివరికి మేడం ఓడీ మంజూరు చేశారు. నోటీసు బోర్డు మీది జాబితాలో శ్రావణి పేరు కొట్టేసిన గీత చూసి నాకు చాలా సంతోషం కలిగింది.

శ్రావణి పరీక్షలు రాసి పాసయింది. గ్రౌండుకు మాత్రం నలుగురూ సణుక్కుంటూనే వచ్చేవాళ్లు. తర్వాతి పోటీకి నా సంతకంతో వెళ్లి ఐదో స్థానంలో వచ్చారు.

నేను నేర్చుకున్నది ఇంతే. ఒకటి ఆట అవునో కాదో చెమట చూసి చెప్పలేం. ఓడినవాళ్లు ఎందుకు ఓడామని కూర్చుని వెతుక్కుంటున్నారా అన్నది చూడాలి. వెతుక్కుంటుంటే అది ఆటే, దానికి కాలేజీలో చోటివ్వాలి. ఇక నా సంగతి. ఉద్యోగ కాలంలో వందల మ్యాచ్‌లకు విజిల్ ఊదాను. తప్పులు చేశాను, తిట్లు తిన్నాను. ఆటే చూడకుండా ఊదిన విజిల్ మాత్రం అదొక్కటే.