బి షిఫ్ట్‌లో నారింజ కేకు

రిటైరైన మూడో నెలలో మా నాన్న కేకులు చెయ్యడం మొదలుపెట్టాడు. చుట్టాలందరూ ఎంత మారిపోయాడో అని ముచ్చటపడ్డారు. నాకు మాత్రం, ఇల్లు తుడవకుండా తప్పించుకోవడానికి ఒక పెద్దమనిషి కనిపెట్టిన మర్యాదైన దారిలా కనిపించింది.

ముప్పయ్యేళ్లు ప్లాంటులో ఫర్నెస్ దగ్గర పనిచేశాడాయన. లారీ గేర్లను ఎర్రగా కాల్చి గట్టిపరచడం ఆ పని. మెత్తగా ఉంచడం ఆ పనిలో ఎక్కడా లేదు. కాబట్టి ఫోన్లో వీడియోలు చూసి చేసిన మొదటి మూడు వంటకాల గతి ఊహించుకోవచ్చు. అరటిపండు బ్రెడ్డు లోపల పచ్చిపిండిగానే మిగిలింది. బిస్కెట్లు పళ్లెం వదల్లేదు. బన్నులు మాత్రం గేర్లలాగే సక్రమంగా గట్టిపడ్డాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ వెనక తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా ఉంది. మంచి సేవ చేస్తోంది.

మా అమ్మ స్కూల్లో టీచరు. బన్నుల మర్నాడే తీర్పు చెప్పేసింది. నాలుగోది కూడా పాడైతే ఓవెన్ పర్సుడీహ్‌లో ఉన్న పిన్నికి పోతుంది. పిన్ని అప్పటికే వంటింట్లో ఒక అర ఖాళీ చేసి ఫోటో పంపింది. మా వంశంలో ఒకరి ఓటమి మీద ఇంకొకరికి అంత నమ్మకం. నాన్న సంచీ తీసుకుని కాసిడీహ్ బజారుకెళ్లి నారింజలు తెచ్చాడు.

నారింజ కేకు చేసే రోజు అమ్మ స్కూలుకెళ్తూ మా ఇద్దరికీ పనులు రాసి ఫ్రిజ్ మీద అంటించింది. దుప్పట్లు ఉతకాలి, ఇల్లు తుడవాలి, మోటారు వేసి ట్యాంకు నింపాలి. నాన్న ఆ కాగితం చదివి, డ్యూటీలో ఉన్న మనిషి ఫర్నెస్ వదిలి కదలకూడదన్నాడు. అప్పటికి ఓవెన్ ప్లగ్గు కూడా పెట్టలేదు. పనులన్నీ నాకే వచ్చాయి.

ఆయన దగ్గరొక లాగ్‌బుక్ ఉంది. టైము, వేడి, రిమార్కులు, సంతకం. కోడిగుడ్డు కొట్టిన టైము కూడా అందులో ఉంటుంది. ఓవెన్‌కున్న టైమర్ని మాత్రం నమ్మడు. టైమర్ ఉంటే ఇక మనిషెందుకని అడుగుతాడు. తడిగుడ్డ పట్టుకుని వంగి ఉన్న నాకూ అదే అనుమానం.

ఒంటిగంటన్నర దాటాక కేకు లోపలికెళ్లింది. రెండుంపావుకి తియ్యాలి. కానీ కంపెనీ సైరన్ రెండింటికి మోగుతుంది, దాంతో, రిటైరైనా సరే, ఆయన ‘ఎ’ షిఫ్ట్ ముగుస్తుంది. ఆ తర్వాతి బి షిఫ్ట్ నాది.

"రెండింటికల్లా నువ్వు డ్యూటీలో దిగిపోవాలి. నా చోట్లోకి రిలీవర్ రాకపోతే నాకు సెలవు లేదు," అన్నాడు.

"ఆ జావూంగా," అన్నాను. వచ్చేస్తాలే అని. ఈ హిందీ ఊళ్లో పుట్టి పెరిగాను, ఆయన తెలుగుకి నా హిందీ ఎప్పుడూ ఇంతే.

సైరన్ మోగేసరికి డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. వినిపించింది. వినిపించిందని ఒప్పుకోవడంలో నాకేం మొహమాటం లేదు. పొద్దున్నుంచి ఇల్లంతా నేనొక్కడినే తుడిచాను, ఒక పిండిముద్దకి హ్యాండోవర్ తీసుకోవడానికి పరిగెత్తను. దుప్పటి అంచులు కలిపి, ముడతలు తీసి, జీవితంలో ఎన్నడూ లేనంత శ్రద్ధగా క్లిప్పులు పెట్టాను. ఆ తర్వాత మాడువాసన డాబా ఎక్కింది.

కిందికొచ్చేసరికి రెండూ ఇరవై అయిదు. నాన్న ఓవెన్ ముందు నిలబడి ఉన్నాడు. చేతులకు గ్లవ్స్ తొడిగే ఉన్నాయి. అద్దంలోంచి కేకు నల్లబడటం చూస్తున్నాడు.

స్విచ్ కట్టేసి, తియ్యొచ్చు కదా అన్నాను. నా షిఫ్ట్ అయిపోయిందంటాడని, దానికొక జోకు కూడా సిద్ధం చేసుకున్నాను.

"తీత్తే పచ్చిగుంటదేమోనని," అన్నాడు. "ప్లాంటులో రంగు చూసి వేడెంతో చెప్పీవోణ్ని. ఇదేటో నాకు తెలవట్లేదురా. నువ్వొచ్చి చూత్తావని ఉన్నాను."

జోకు వాడలేదు. బాగానే ఉండేది.

కేకు బయటికి తీశాం. ఆయన లాగ్‌బుక్ తెరిచి, రిమార్కుల దగ్గర పెన్ను పెట్టి ఆగిపోయాడు. పుస్తకం నేను లాక్కున్నాను. "రిలీవర్ ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యం. సైరన్ విని కూడా రాలేదు. ఆపరేటర్ తప్పు లేదు" అని రాసి సంతకం పెట్టాను. మా ఇంటి లాగ్‌బుక్‌లో కేకు గురించి రాసిన మొదటి నిజం అదే అనుకుంటాను.

మూడింటికి అమ్మ వచ్చింది. వాసనకే మొహం చిట్లించి, ముందు పుస్తకం చదివింది. చీర కూడా మార్చుకోకుండా కత్తి తీసుకుని, కేకు పైపొరను మాడిన అట్టు గీకినట్టు గీకేసింది. లోపల పసుప్పచ్చగా, మెత్తగా ఉంది. నిలబడే ఒక ముక్క తింది. ఇంకో ముక్క కోసుకుంది. నాన్న ఇంకా గ్లవ్స్ విప్పలేదు.

"ఓవెన్ ఉండనీ," అంది ఆయనతో. "రిలీవర్ని మార్చండి."

పిన్నికి ఫోన్ చేసి అర నింపేసుకోమని చెప్పే పని నాకే పడింది. మాడిన టిన్ను తోమే పని కూడా. అది ఏ షిఫ్ట్ కిందికి వస్తుందని అడిగితే ఇద్దరూ నోరు విప్పలేదు. నోటినిండా కేకుంది.