కిడ్నీలను పలకరించడం

పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి నేను. ఆ తర్వాత చదివిందంతా పలాస గ్రంథాలయంలోనే. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని దిగగానే తిన్నగా అక్కడికి వెళ్ళి, తలుపులు మూసేదాకా కూర్చుంటాను. చైనా తావో సాధకుల గురించిన పుస్తకం అలా వెతక్కుండానే చేతికి తగిలింది. మనిషి ఒంట్లో ఒక్కో అవయవంలో ఒక్కో భావం కాపురముంటుందని వాళ్ళ నమ్మకం. కోపం కాలేయంలో, దిగులు ఊపిరితిత్తుల్లో. భయం మూత్రపిండాల్లో.

అక్కడ ఆగిపోయాను. మా ఉద్దానంలో పుట్టినవాడెవడైనా ఆగిపోతాడు. కిడ్నీ జబ్బు తొంగిచూడని వీధి మాకు లేదు. ముందుగా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. సోంపేట దగ్గర పల్లెలో జీడితోట, కాసిని కొబ్బరిచెట్లు ఉన్నాయి. వాళ్ళన్నయ్య డయాలసిస్‌కు తిరిగి తిరిగి చనిపోయాడు. అప్పట్నుంచి రక్తపరీక్ష అంటే చాలు, బావ తోటలోకి వెళ్ళిపోతాడు. సాయంత్రానికి ఆయన పాదాలు వాస్తున్నాయని అక్క ఫోనులో ఏడ్చింది.

ఆదివారం వెళ్ళాను. పరీక్ష మాట ఎత్తకుండా, కిడ్నీల్లో భయం తగ్గడానికి పుస్తకంలో ఉన్న సాధన సంగతి చెప్పాను.

"ఏటోయ్ బామ్మర్దీ, లైబ్రరీలో డాక్టరీ కూడా నేర్పుతన్నారేటి?"

"డాక్టరీ కాదు బావా. దీంతో జబ్బు తగ్గిపోద్దని నేననను. భయం కాస్త నెమ్మదిస్తాదంతే."

అరుగు అంచున కూర్చోబెట్టాను. చేతులతో మోకాళ్ళు చుట్టి, ముందుకు వంగి, పెదాలు గుండ్రంగా చేసి గాలి మెల్లగా వదలాలి. తర్వాత కళ్ళు మూసుకుని, నడుము వెనక ఉన్న ఆ రెండింటినీ తలుచుకుని లోపలే నవ్వాలి. "దీపం ఆర్పినట్టు ఊదు బావా" అన్నాను. పుస్తకంలో అలాగే ఉంది మరి.

వంటింట్లోంచి అక్క కేకేసింది. "దీపాన్ని నోటితో ఊదుతారేట్రా? ఇంట్లో అలాటి మాటలు వొద్దు!"

"అయితే వేడి గంజి ఊదినట్టు ఊదుతాన్లే" అన్నాడు బావ.

తావో గురువులకు గంజి తట్టలేదు గానీ, ఆయనకు అదే కుదిరింది. ఊదుతూంటే అక్క నవ్వింది, ఆయనా నవ్వాడు. ఎప్పుడూ బిగుసుకుని ఉండే ఆయన భుజాలు కిందికి దిగాయి.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే చేస్తున్నాడని, నిద్ర కూడా పడుతోందని అక్క చెప్పింది. నాకు ఒకటే గర్వం. మళ్ళీ వెళ్ళేసరికి బావ హుషారుగా ఎదురొచ్చాడు.

"ఇంక టెస్టెందుకురా? రోజూ కిడ్నీలకేసి నవ్వుతన్నాను, ఆళ్ళూ నవ్వుతన్నారు. లోపలంతా సల్లగుంది."

పాదాలు చూస్తే వాపు అలాగే ఉంది. పరీక్ష తప్పించుకోవడానికి ఆయనకు సాకు దొరికింది, తెచ్చిచ్చింది నేనే.

కొబ్బరి కోరుతున్న అక్క చేయి ఆపింది. "ఓలయ్యో! సుట్టం గుమ్మంలోకొత్తే నవ్వేసి ఊరుకుంటావేటి? 'ఎలాగున్నావు, వొంట్లో బాగుందా' అని అడగవా? ఇన్నాళ్ళు నవ్వేవు. ఒక్కసారి అడుగు. ఆళ్ళ జవాబు నీ రత్తంలోనే ఉంటాది."

బావ తన పాదాల వంక చూసుకున్నాడు. "అడక్కపోతే మీ అక్క నాకు కూడెట్టేటట్టు లేదు. రేపు నువ్వూ రా" అన్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో నర్సమ్మ బావ చేతికి రబ్బరు పట్టీ బిగించగానే ఆయన పెదాలు గుండ్రంగా చేసి ఊదడం మొదలెట్టాడు.

"ఏటి మావా, సూది గుచ్చకముందే ఊదేత్తన్నావు?"

"గంజి సల్లారబెడతన్నానమ్మా" అన్నాడు. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

రిపోర్టు చూసి, కిడ్నీల పనిలో తేడా కొంచెం ఉందని, మందులు వాడుతూ పరీక్షలు మానకుండా చేయించుకోవాలని డాక్టరు చెప్పారు. తిరిగొచ్చే బస్సులో అక్క ఫోను. నేను తీయబోతే బావ లాక్కున్నాడు.

"అడిగేనే. ఆళ్ళూ సెప్పేరు. కూసింత నలతగున్నారట" అన్నాడు. కాసేపు విని, "ఆఁ, మళ్ళీ వొచ్చే నెల అడగమన్నారు. అడుగుతాన్లే" అన్నాడు.