దుబ్బబాట గాజులు

సైకిలు మీద గాజులు మోసుకుపోవడమంటే జేబులో కోడిగుడ్లు వేసుకుని కుస్తీ పట్టడమేనని వరంగల్ గాజుల దుకాణాల్లో నవ్వుకునేవారు. గిర్మాజీపేట కళావతి ఆ మాట విని తానూ నవ్వేది. మర్నాడు పొద్దున్నే గాజుల మలారం సైకిలుకు కట్టుకుని ఊళ్ల మీదికి పోయేది. సాయంత్రానికి మలారం సగానికి సగం తగ్గేది. నవ్వినవాళ్లు మాత్రం దుకాణాల్లో ఈగలు తోలుకుంటూ కూర్చునేవారు.

మలారమంటే గాజుల మూట. రంగుల వారీగా తాళ్లకు గుచ్చి, మధ్యమధ్య పాత గుడ్డలు దోపి, ఒత్తుగా చుట్టి కడతారు. కళావతి భర్త వెంకట్రాజం బతికున్నప్పుడు సైకిలు తొక్కడం ఆయన వంతు. వెనక క్యారియర్ మీద మలారం ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం, ఊళ్లోకి పోయాక ఆడవాళ్లకు గాజులు తొడగడం ఆమె వంతు. ఏ బాటలో ఎంత కుదుపో ఒళ్లో ఉన్న గాజులే ఆమెకు చెప్పేవి. మొరం రోడ్డు మీద గలగలమనేవి. కంకర రోడ్డెక్కితే గొల్లుమనేవి. బండ్లు తిరిగి తిరిగి పిండిలా మెత్తబడిన దుబ్బబాటలో దిగితే చంటిపిల్లలా నిద్రపోయేవి.

"ఎద్దు నడిచిన బాటల గాజు బతుకుతది, సర్కారు బాటల బతకది," అనేవాడు వెంకట్రాజం. సైకిలు చక్రాల్లో కొంచెం గాలి తీసేస్తే కుదుపు తగ్గుతుందని నేర్పిందీ ఆయనే. తొక్కడానికి మాత్రం ప్రాణం పోతుంది. అయితేనేం, గాజులు దక్కుతాయి.

డెబ్బై ఎనిమిదిలో పచ్చకామెర్లు వచ్చి ఆయన పోయాడు. పదోనాడు ఆమె చేతి గాజులు తీసేశారు. బట్టతలవాడు దువ్వెనలు అమ్మినట్టు, బోసిచేతుల మనిషి గాజులేం అమ్ముతుంది, సైకిలు ఎవరికైనా ఇచ్చేయమని మరుదులు చెప్పారు. కళావతి ఇవ్వలేదు. గోచీ పెట్టి చీర కట్టి, ఖిలా వరంగల్ కోటగోడల పక్కన ఆ మగ సైకిలు మీదే తొక్కడం నేర్చుకుంది. పడింది, లేచింది, మోకాళ్లకు పసుపు పెట్టుకుంది. నెల తిరిగేసరికి ఆత్మకూరు దాకా పోయొచ్చింది.

ఊళ్లలో రోజువారీ గాజులు ఆమె దగ్గర తొడిగించుకోవడానికి ఎవరూ వెనకాడలేదు. చిక్కంతా పెండ్లిళ్ల దగ్గరే. పెండ్లికూతురి చేతికి ముత్తైదువే గాజులు తొడగాలి. ముందురోజు దాకా "మా కళావతి" అన్నవాళ్లే, ఇంటి ముందు పందిరి పడితే తలుపు ఓరగా వేసేవాళ్లు. పెండ్లిళ్లు లేని గాజుల బేరం ఉప్పులేని పప్పు. ఆ తిండితో ఎన్నాళ్లని సైకిలు తొక్కగలదు? ఒక్క పెండ్లింట్లో తన చెయ్యి సాగితే చాలు, ఊళ్లన్నీ అవే దారికొస్తాయని ఆమె మొండి ధైర్యం.

ఎనభై ఒకటి ఎండాకాలంలో ఆత్మకూరు అవతల గుండ్లకుంటలో పద్మ పెండ్లి కుదిరింది. పద్మకు మూడేళ్లప్పుడు మొదటిసారి గాజులు తొడిగింది కళావతే. పిల్ల గింజుకుంటుంటే నాయనమ్మ మొగిలమ్మ మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పద్మే ఇప్పుడు, "కళావతక్కా, నా పెండ్లికి నువ్వే రావాలె," అని కబురు పెట్టింది. మొగిలమ్మేమో వరంగల్ నుంచి గాజుల సత్యనారాయణను, ఆయన భార్యను రమ్మని వేరే కబురు పెట్టింది. ఆ సంగతి తెలిసీ కళావతి మలారం కట్టింది.

ఆత్మకూరు దాటాక రెండు బాటలు చీలే చోట సత్యనారాయణ ఎదురయ్యాడు. కొత్త మోపెడు, వెనక భార్య, ముందర పెట్టె నిండా గాజులు. గుండ్లకుంటకు ఆ నెలలోనే కొత్త రోడ్డు పడింది. కంకర పరిచారు గానీ తారు ఇంకా పోయలేదు.

"ఆ దుబ్బల పడి ఏడికి పోతానవ్ కళావతక్కా? మంచి రోడ్డు పడ్డది, నా ఎనుక రారాదు?"

"రోడ్డు నీ బండికి పడ్డది సత్తెన్నా, నీ గాజులకు పడలే."

ఆయన నవ్వి దుమ్ము లేపుకుంటూ పోయాడు. కళావతి దిగి రెండు చక్రాల్లోనూ కొంచెం గాలి తీసింది. వాగు ఒడ్డు పట్టుకుని బండ్లబాట తొక్కింది. ఇసుక అడ్డం వచ్చిన చోట దిగి తోసింది. కోతలైన పొలాల నడుమ పడి, చెరువుకట్ట మెత్తని అంచు మీదుగా ఊళ్లోకి దిగింది. చెమటకు రవిక వీపుకు అంటుకుపోయింది. మలారం మాత్రం దారి పొడుగునా కిక్కురుమనలేదు.

పెండ్లింటి ముందు డప్పు మోగుతోంది. పద్మకు నలుగు పెట్టి తానం పోసి చాప మీద కూర్చోబెట్టారు. పందిట్లో సత్యనారాయణ పెట్టె మూత తీసి, తల పట్టుకుని ఉన్నాడు. పెండ్లింట్లో గాజు పగిలిందని అనకూడదు, పెరిగిందనాలి. ఆ లెక్కన ఆయన పెట్టెలో గాజులు బాగానే పెరిగాయి. కొత్త కంకర ఒక్క డజనైనా నిండుగా మిగల్చలేదు. వరంగల్ పోయి మళ్లీ తేవడానికి పొద్దు లేదు.

కళావతి మలారం విప్పింది. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు గాజులు చెక్కుచెదరకుండా తళతళమన్నాయి. పద్మ తల్లి సోమక్క ముఖం వెలిగింది. అంతలో పక్క గదిలోంచి మొగిలమ్మ గొంతు వినిపించింది.

"ఆగు పిల్లా. నా పెనిమిటి పోయి ఎన్నేండ్లాయె, నా మనుమరాలి పెండ్లికి నేనే దాని ముంగటికి రాకుంట అర్రల కూసున్న. నువ్వెట్లొస్తవ్?"

కళావతికి ఆ మాట కలుక్కుమని గుచ్చుకుంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. కానీ ఆ ముసలామె తనకు వేసుకున్న తలుపే ఈమెకూ వేస్తోంది. అలాంటి మనిషిని ఏమని తిట్టాలి?

"నేను రాను అవ్వా. గాజులు వచ్చినయ్, అవ్విటినన్న తీసుకోండ్రి," అని మలారం చాప దగ్గర పెట్టి, పోయి అరుగు మీద కూర్చుంది.

సత్యనారాయణ భార్య ముందుకు రాబోయింది. అన్ని గాజులు పెరిగిన పెట్టె వెంట వచ్చిన చెయ్యి అపశకునమని ఆడవాళ్లు వద్దన్నారు. తానే తొడుగుతానని సోమక్క కూర్చుంది. తల్లి ప్రేమ వేరు, గాజు తొడిగే ఒడుపు వేరు. ముంజేతికి సరిపోయే గాజు పిడికిలి దాటాలంటే వేళ్లను కలిపి నొక్కాలి, బొటనవేలిని అరచేతిలోకి మడవాలి, గాజును తోయకుండా తిప్పాలి. సోమక్క తోసింది. మొదటి గాజు టప్పుమంది. రెండోదీ అంతే. అరుగు మీద కళావతి వేళ్లు వాటంతటవే మడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. మూడో గాజు ముక్క గీరుకుని పద్మ చేతి మీద నెత్తురు చిమ్మింది. పిల్ల గుడ్లనీళ్లు కుక్కుకుంది. డప్పు ఆగిపోయింది. రేపు తాళి కట్టించుకోవలసిన పిల్ల చేతికి ఇవాళ గాజు నిలవకపోతే దాన్ని ఏ నోటితో ఏమనాలో ఎవరికీ తోచలేదు.

మొగిలమ్మ గడప దాకా వచ్చి నిలబడింది.

"సాలు సోమక్కా, దాని చెయ్యిడువు. ముండమోపి తొడిగితే ఏమైతదో నాకెరికలేదు గని, గిట్లయితే ఏమైతదో అందరికెరికే. రా బిడ్డా కళావతీ."

కళావతి లేచింది. చాప మీద కూర్చుని పద్మ చెయ్యి అందుకుంది. కోడిపిల్లలా వణుకుతోంది ఆ చెయ్యి. ఒడుపు తెలిసిన మనిషికి వణికే చెయ్యి ఒక లెక్క కాదు. అయినా కళావతి గాజు తీయలేదు, తల తిప్పి గడప వైపు చూసింది.

"అవ్వా, నువ్వు గూడ రావాలె. పిల్ల చెయ్యి వణుకుతాంది, మోచెయ్యి పట్టుకునేటోళ్లు కావాలె."

"నేనా?" అంది మొగిలమ్మ. చుట్టూ ఇంతమంది ముత్తైదువలుండగా!

"నువ్వే. చిన్నప్పుడు పట్టింది నువ్వే గద. ఇంకొకలు పడితే దీనికి బెదురు పోదు."

"రా నాయనమ్మా," అంది పద్మ. పొద్దుటి నుంచి ఆ పిల్ల నోరు విప్పింది అప్పుడే.

మొగిలమ్మ పందిరి కేసి చూసింది, తన పాదాల కేసి చూసుకుంది. గడప దాటి వచ్చి చాప అంచున కూలబడి, మనుమరాలి మోచెయ్యి రెండు చేతులా పట్టుకుంది. కళావతి మొదటి ఆకుపచ్చ గాజు తిప్పింది. అది పిడికిలి మీదుగా జారి ముంజేతిలో పడింది. దాని వెనక రెండోది. రెండు చేతులూ నిండేదాకా ఒక్క గాజూ పెరగలేదు. ఎవరూ చెప్పకుండానే డప్పు మళ్లీ మొదలైంది. ఆడవాళ్లు నా చెయ్యంటే నా చెయ్యని కళావతి ముందుకు జరిగారు. గుండ్లకుంటకు వచ్చిన చుట్టాల్లోనే ఇద్దరు తమ ఇండ్లల్లో పెండ్లిళ్లున్నాయని, ఆ రోజుకు తప్పక రావాలని ఆమెకు చెప్పి పెట్టుకున్నారు.

అన్నాల వేళ సోమక్క అత్తకు విస్తరి వేయడానికి అర్రలోకి పోబోయింది.

"ఈడనే ఎయ్యి," అంది మొగిలమ్మ, పద్మ మోచెయ్యి వదలకుండానే.