అత్త చెయ్యి పెట్టిన చోటు

మా అత్త పోయిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. "అత్త పోయిందిమే. కాఫీ తాగి నా చెయ్యి పట్టుకోని కూచోనుండె, అట్లనే పోయింది" అంది. అక్క ఫోన్‌లో ఎప్పుడూ అరిచే మాట్లాడుతుంది, ఆ రోజు ఇంకా గట్టిగా అరిచింది. నేను కోవిల్‌పట్టిలో, పాఠాలు చెప్పే బడి వరండాలో నిలబడి విన్నాను. నాకు ఏడుపు కన్నా ముందు ఇంకొకటి వచ్చింది. చెప్తే బాగుండదు, అయినా చెప్తాను. ఆఖరికి ఆ చెయ్యి కూడా అక్కకే దక్కిందే అని కడుపు మండింది.

పోయినవాళ్లను తలుచుకునేటప్పుడు ఇలాంటి మాటలు ఎత్తకూడదంటారు. ఎత్తకుండా రాయడం నాకు చేతకాదు. అత్త మీద నాకున్న ప్రేమ అంతా అసూయ రూపంలోనే ఉండేది, దాన్ని తీసేస్తే చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు. మా ఇళ్లలో తెలుగు మాట్లాడుకుంటామే గానీ ఎవరూ చదవరు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. అత్తకు ఒక్క అక్షరం రాదు. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆమె మా నాయనకు అక్క. విరుదునగర్ దగ్గర మగ్గాల వీధిలో ఉండేది. ఇంటి ముందు భాగంలో కాపురం, వెనక షెడ్డులో మరమగ్గాలు. పొద్దున మొదలైతే రాత్రిదాకా టకటకా టకటకా. ఆ వీధిలో ఎవరూ మామూలుగా మాట్లాడరు. ఉప్పు అందుకోమన్నా పోట్లాడుతున్నట్టే ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు మొదటి పూట బెదిరిపోతారు, మూడో పూటకు వాళ్లూ అరుస్తుంటారు. వయసు మళ్లేసరికి అందరికీ చెవి మందగిస్తుంది. దాన్ని అక్కడ చెవుడు అనరు. తరి శబ్దం అంటారు, అంతటితో సరి. తరి అంటే మా వైపు మగ్గం.

మా అమ్మ పోయినప్పుడు అక్కకు తొమ్మిదేళ్లు, నాకు ఆరు. పెద్ద దినం అయ్యాక అత్త మా ఇంట్లో నాలుగు రోజులు ఉంది. ఉన్నన్నాళ్లూ మా ఇద్దర్నీ ఎగాదిగా చూస్తూ ఉంది. పోయే రోజు నాయనతో, ఒక పిల్లను నేను తీసుకపోతా అంది. నేను గబగబా వెళ్లి మంచి గౌను తొడుక్కుని వచ్చాను. అత్త అక్క చెయ్యి పట్టుకుంది. ఆ గౌనుతోనే బస్టాండు దాకా వెళ్లి వాళ్లను ఎక్కించి వచ్చాను.

అక్కను పెంచి, తన కొడుక్కే చేసుకుంది. మేనరికం మాలో మామూలే, మా అమ్మానాయనలదీ మేనరికమే. నాకు బావ మీద ఆశ ఏనాడూ లేదు. ఆయన నోటికీ నా నోటికీ ఒక ఇల్లు చాలదు. నాకు కావలసింది అత్త. జడ వేసేటప్పుడు రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూచోబెట్టే ఆ అత్త నాకు సెలవుల్లో పది రోజులు, అక్కకు ఏడాది పొడుగునా.

సెలవులకు వెళ్లేటప్పుడు కోవిల్‌పట్టి నుంచి వేరుశనగ మిఠాయి తీసుకెళ్లేదాన్ని. అత్తకు అదంటే ప్రాణం. పొట్లం విప్పి తనకొక ముక్క తీసుకుని, మిగతాది అట్లాగే అక్క ఒళ్లో పెట్టేది. నీకు మీ ఊళ్లో రోజూ దొరుకుతుంది కదే అనేది. న్యాయమైన మాటే. న్యాయమైన మాటలంటే నాకు అప్పటినుంచే పడదు.

అత్తకు ఒక అలవాటు ఉండేది. షెడ్డులోకి వెళ్లి ఒక్కో మగ్గం పక్కన నిలబడి, చట్రం మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేది. ఏ మగ్గం సరిగ్గా ఆడుతోందో, ఏది తేడాగా కొడుతోందో చెయ్యికే తెలిసేది. చెవులు మందగించాయి గనక అట్లా చూస్తుందని మేం అనుకునేవాళ్లం. ఎవరికి ఏం వచ్చినా ఆమె చెప్పేది ఒక్కటే, "చెయ్యి పెట్టి చూడకుండా ఏం తెలుస్తాది?" జ్వరానికీ అదే మాట, ఉడికిన అన్నానికీ అదే, బావ తెచ్చే కొత్త నూలుకూ అదే.

అక్కకు ముప్పై దాటాక కాళ్లు వాయడం మొదలైంది. మూత్రం నురగగా పోయేది. ఒక డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, ఇంకొకరు నెలల తరబడి మాత్రలు మింగించారు. ఆ మాత్రలకు మొహం గుమ్మడికాయలా ఉబ్బింది గానీ కాళ్ల వాపు దిగలేదు. చివరికి విరుదునగర్‌లోనే ఒక కిడ్నీ డాక్టరు, వయసు తక్కువే, బయాప్సీ చేయాలన్నాడు. వీపులోంచి సూది పంపి కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూస్తే తప్ప ఏ జబ్బో చెప్పలేనన్నాడు.

బావ ఒప్పుకోలేదు. ఉన్న కిడ్నీకి సూది గుచ్చి చెడగొట్టుకుంటామా అన్నాడు. వీధంతా అదే మాట. అక్క ఏడ్చింది. అప్పుడు అత్త లేచి, ఇన్నాళ్లూ చూడకుండానే మందులు మింగించాం కదా, ఏం బాగుపడింది అని అడిగి, తన మాట మళ్లీ అంది. చెయ్యి పెట్టి చూడకుండా ఏం తెలుస్తాది? మర్నాడు బావే వెళ్లి బయాప్సీకి రోజు అడిగి వచ్చాడు.

బయాప్సీ రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. అక్కను పొట్ట కింద దిండు పెట్టి బోర్లా పడుకోబెట్టారు. వీపు మొద్దుబారడానికి మందు ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సూది దించారు. బయటికి వచ్చింది ఎంతనుకున్నారు? నూలు పోగు తెగిన కొసంత. అటువంటివి రెండు మూడు, వేరువేరు సీసాల్లో వేశారు. అత్త సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, ఈ పోగులోనే అంతా తెలుస్తుందా అని డాక్టరును అడిగింది. తెలుస్తుందన్నాడు ఆయన. మామూలు మైక్రోస్కోపు కింద తెలియకపోతే చెన్నైలో పెద్దది ఉంది, అక్కడికి పంపుతామన్నాడు. ఆ రోజంతా అక్క వెల్లకిలా కదలకుండా పడుకోవాలి, మూత్రం ఎర్రగా వస్తుందేమో కనిపెట్టుకుని ఉండాలి. అత్త మంచం పక్కనుంచి లేవలేదు. కాఫీ నేను తెచ్చి ఇస్తే నా వైపు చూడకుండానే తాగింది.

మామూలు మైక్రోస్కోపులో ఏదీ తేలలేదు. కొన్ని వారాలకు చెన్నై నుంచి ఫోటో వచ్చింది. డాక్టరు అందర్నీ కూచోబెట్టి చూపించాడు. కిడ్నీలో రక్తాన్ని వడగట్టే పొర ఒకటి ఉంటుందట. అది ఒక్క గీతలా నున్నగా ఉండాలి. అక్కది పాయలు పాయలుగా చీలి, ఒకదాంట్లో ఒకటి దూరి, బుట్ట అల్లినట్టు ఉంది. ఇది పుట్టుకతో, కుటుంబంలో వచ్చే జబ్బు, చాలా అరుదు అన్నాడు. దాని పేరు ఇప్పటికీ నా నోరు తిరగదు. అత్త మాత్రం ఫోటో చూసి ఇది చెడిన నేత అంది. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు నేత జబ్బే.

పొర అట్లా ఉన్నా, ఇంకో ఆధారం కూడా దొరికితే గట్టిగా చెప్పగలనన్నాడు డాక్టరు. ఈ జబ్బున్న వాళ్లకు చిన్నప్పుడే చెవులు మందగిస్తాయట. మీ ఇంట్లో ఎవరికైనా చెవుడు ఉందా అని తమిళంలో అడిగాడు. బావ, ఆ గది అదిరేలా, ఎవరికీ లేదు అని అరిచాడు.

డాక్టరు లేచి, అక్క వెనక్కి వెళ్లి, ఆమెను మెల్లగా పేరు పెట్టి పిలిచాడు. అక్క కదల్లేదు. అత్త కదల్లేదు. నేనొక్కదాన్నే తల తిప్పాను.

అది తరి శబ్దం డాక్టర్ అన్నాడు బావ. మా వీధిలో అందరూ ఇంతే, ఈమె మగ్గాల దగ్గరే పెరిగింది అన్నాడు. డాక్టరుకు అది సబబుగానే తోచింది. అయితే దీన్ని లెక్కలోకి తీసుకోలేం అని పెన్ను పక్కన పెట్టాడు. అంతలో అత్త నా మోచెయ్యి పట్టుకుని, ఏమంటా ఉండాడు అని అడిగింది. నేను ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. అక్కకు చెవి మందం మగ్గాల దగ్గరికి వచ్చాకే మొదలైందని అనుకుంటున్నాడని.

అత్త నాకు మాత్రమే వినబడేలా అంది. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

"కాదు. తరి దగ్గిరికి రాకముందే దానికి చెవి మందం. మీ అమ్మ పోయినప్పుడే చూస్తి. నాలుగు దినాలు ఎనకాల నిలబడి పిలిచి పిలిచి చూస్తి. నువ్వు తిరిగేదానివి, అది తిరిగేది కాదు. చెవుడు పిల్లని ఎవురు చేసుకుంటారు? మా వీదిలో అయితే ఎవురికీ తెలీదు. అందుకే తెచ్చుకుంటి. నువ్వు బాగుంటివి, నీకేం కొరత?"

ఇది డాక్టరుకు నేను తమిళంలో చెప్పాలి. చెప్పాను. నా నోటితో నేనే. అక్క పక్కనే కూచుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది, ఆమెకు ఒక్క ముక్కా వినపడలేదు. డాక్టరు పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

తర్వాత అక్క చెవులకు పరీక్ష, ఇంటిల్లిపాదికీ రక్తపరీక్షలు. అంతా ఆ పొరతో సరిపోయింది. పనికిరాని మాత్రలు ఆపేశారు, కిడ్నీని కొన్నాళ్లు నిలబెట్టే మాత్రలు ఇచ్చారు, చెవికి మిషన్ పెట్టారు. నేనే దాచితి, ముందే చెప్పుంటే బిడ్డకు ఇంత దూరం వచ్చేది కాదు అని అత్త చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ రోజుల్లో ఈ జబ్బు గురించి తెలిసిన డాక్టర్లే ఈ చుట్టుపక్కల లేరమ్మా అని డాక్టరు సర్దిచెప్పాడు. అత్త నమ్మినట్టు నాకు కనపడలేదు.

ఇదంతా తెలిశాక నాలో కుళ్ళు పోయిందనుకుంటారేమో. ఎక్కడ పోతుంది? ఇంకా ఎక్కువైంది. నా కోసం ఎవరూ ఒక వీధి మొత్తాన్ని అడ్డం పెట్టి ఏదీ దాచలేదు. మంచి గౌను తొడుక్కుని నిలబడ్డ ఆరేళ్ల పిల్లకు ఏ లోపమూ లేకపోవడమే లోపమైంది. బాగున్న పిల్లకు కొరతే ఉండదని ఆమెకు ఎవరు చెప్పారు? ఇది ఆమెను అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడగాలంటే అరిచి అడగాలి, వీధంతా వింటుంది.

కొన్నేళ్లకు అక్క కిడ్నీలు పూర్తిగా ఆగిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. కిడ్నీ మారిస్తే మేలన్నారు. బావకు షుగర్, ఆయనది పనికిరాదు. నాది తీసుకోండి అని నేను నోరు తెరిచేలోపే అత్త ముందుకొచ్చి నాది తీసుకోండి అంది. వయసు ఎక్కువ అన్నారు. పైగా ఆనాటి రక్తపరీక్షల్లోనే ఆమెలోనూ ఆ జబ్బు ఛాయ ఉందని తేలింది. నాలో మాత్రం అది లేదు, నాది అక్కకు సరిపోయింది. మా ఆయన ఒక రాత్రి ఆలోచించి సరేనన్నాడు.

అత్త నాతో మాట్లాడటం మానేసింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆపరేషన్‌కు ముందు ఆసుపత్రి మంచం మీద ఉంటే వచ్చి, కాళ్ల దగ్గర కూచుని, పెదవి బిగించి అంది.

"పెంచింది నేను. ఇచ్చేది నువ్వు."

అది అసూయే. నాకు తెలియని సరుకా అది? అత్త నన్ను చూసి కుళ్ళుకుంది. అంత సంతోషం నాకు జన్మలో కలగలేదు.

మొన్న అత్త పోయిన రోజు సాత్తూరు మీదుగా బస్సులో వెళ్లాను. మగ్గాల వీధిలో మగ్గాలన్నీ ఆపేశారు. మావాళ్లలో పెద్దవాళ్లు పోతే అట్లా ఆపుతారు. ఆ వీధిని అంత నిశ్శబ్దంగా నేను ఎప్పుడూ చూడలేదు. చప్పుడు లేకపోయినా వచ్చినవాళ్లంతా అరుచుకునే మాట్లాడుకుంటున్నారు. అక్క అత్త తల దగ్గర కూచుంది. ఆ చోటు ఆమెదే, ఎవరూ కాదనరు. నేను కాళ్ల దగ్గర కూచున్నాను.

అక్కకు లేనిది నా దగ్గర ఒకటి ఉంది. అది చెప్పి ఆపేస్తాను.

ఆపరేషన్ అయ్యాక మా ఇద్దర్నీ కొన్నాళ్లు అత్త తన ఇంట్లోనే పెట్టుకుంది. కొత్త కిడ్నీ అక్కకు పొత్తికడుపులో ఒక పక్కన పెట్టారు. అత్త రోజూ పొద్దున మగ్గాల దగ్గరికి పోయే ముందు అక్క పక్కన నిలబడి అక్కడ అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, ఆడతా ఉండాది అనేది. నేను పక్క మంచం మీదినుంచి చూస్తూ ఉండేదాన్ని. ఆడేది నాదే కదా అని నోటిదాకా వచ్చేది.

ఒక రోజు అక్క లోపల స్నానానికి పోయింది. నేను అరుగు మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను. అత్త వచ్చి నా పక్కన కూచుంది. ఏమీ అనకుండా నా డొక్కలో, కుట్లు వేసిన చోట, అరచెయ్యి ఆనించింది. అక్కడ ఏముంది ఆమె చేతికి తెలియడానికి? ఏమీ లేదు, ఖాళీ. అయినా కళ్లు మూసుకుంది. చెయ్యి తియ్యలేదు.

లోపలినుంచి అక్క, అత్తా, తువాలు తెచ్చియ్యి అని పిలిచింది. మగ్గాల చప్పుడులో అత్తకు వినపడలేదు. అక్క మళ్లీ పిలిచింది. నాకు రెండుసార్లూ వినపడింది. నేను కదలకుండా పడుకున్నాను.