యాదమ్మ పేరు రాసిన శనివారం

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ ప్రభువు నామమున వందనాలు. నా పేరు దీనమ్మ. ఈ ఫిల్మ్‌నగర్ బస్తీ సంఘంలో ఆరేళ్ళుగా వెనక వరసలో, చెప్పులు విడిచే చోటు పక్కన కూర్చుంటున్నాను. నేను జైలుకి వెళ్ళొచ్చానని మీలో చాలామందికి తెలుసు, కానీ జైల్లో నేనేం చేశానో ఎవరికీ తెలియదు, మన పాస్టరు అయ్యగారికి కూడా పోయిన నెలలోనే చెప్పాను, ఆయనే నన్ను ఈ రోజు ఇక్కడ నిలబెట్టారు.

మాది పాలకొల్లు వైపు. పేరుకు క్రైస్తవ కుటుంబమే, మా అమ్మ మోకాళ్ళ మీద ప్రార్థిస్తూ పెంచిన పిల్లనే, అయినా పట్నం వచ్చాక అన్నీ వదిలేశాను. కృష్ణానగర్‌లో మగ్గం పని చేసేదాన్ని, అంటే చెక్క చట్రానికి బట్ట బిగించి, కొక్కెం సూదితో జరీ, పూసలు, రాళ్ళు కుట్టే పని. సినిమావాళ్ళ బట్టలకే కాదు, హైటెక్ సిటీ వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులు కదా, ఆ ఉద్యోగస్తుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకు కూడా జాకెట్ మీద జాకెట్ వచ్చిపడేది. అలాంటి ఒక ఇంటికి కొలతలకు వెళ్ళి, అద్దం ముందున్న బంగారు హారం తీసి సంచిలో వేసుకున్నాను. రెండో రోజే దొరికిపోయాను. మూడేళ్ళ శిక్ష పడింది. అది న్యాయమే.

జైల్లో ఆడవాళ్ళం యూనిఫారాలు కుట్టేవాళ్ళం. దానికి రోజుకు కూలి అని ఒకటి ఉండేది, బయట బండి దగ్గర రెండు టీలు తాగితే అయిపోయేంత. అయినా అది మాది, సబ్బుకో కొబ్బరినూనెకో పనికొచ్చేది. అయిదారు నెలలు గడిచాక, అక్కడ మా పైన ఉన్న ఒక అధికారిణికి నాకు మగ్గం పని వచ్చని తెలిసింది. వారం తిరక్కుండానే నాలుగు మగ్గాలు వచ్చాయి, జూబ్లీహిల్స్ షాపు సంచుల్లో పట్టు జాకెట్లు వచ్చాయి. నన్ను గదిలోకి పిలిచి, "నువ్వు మాస్టర్‌వి దీనమ్మా, పన్నెండు మందికి నేర్పించు, పని చేయించు. నీ రిపోర్టు బాగా రాస్తాను, శిక్ష తగ్గుతుంది" అన్నారు. ఈ పని ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు, దీనికి ఆ రెండు టీల కూలి కూడా లేదు. అడిగినవాళ్ళతో, జైలుకొచ్చి కూలి అడుగుతారా అన్నారు.

కూలి లేకుండా ఎవరు చేస్తారు? అందుకని ములాఖత్ పట్టుకున్నారు. ములాఖత్ అంటే ఇంటివాళ్ళు వచ్చి, ఇనుప జాలీకి అవతల నిలబడి, మొహం చూసి నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళడం. అనుకున్న పని పూర్తి చెయ్యనివాళ్ళకి ఆ వారం ములాఖత్ లేదు. ఎవరు పూర్తి చెయ్యలేదో శనివారం సాయంత్రం కాగితం మీద రాసివ్వాల్సింది నేను. సహోదరీలారా, నేను రాసిచ్చాను. మొదటి వారం ఒక్కో పేరు దగ్గర ఆగి ఆగి రాశాను, మూడో వారానికి గబగబా రాసేశాను.

ఆ పన్నెండు మందిలో యాదమ్మ అని బోరబండ ఆవిడ. ఎప్పుడూ సూది పట్టి ఎరగదు. కొక్కెం వేలిలో దిగి, చీము పట్టి, వేలు వంకాయలా వాచింది. మందు అడిగితే, పని అయ్యాక చూద్దాం అన్నారు. ఆ శనివారం ఆమె జాకెట్ సగం కూడా కాలేదు. నేను కాగితం తీస్తుంటే నా పక్కకు జరిగి, "అక్కా, గీ ఒక్కసారి నా పేరు రాయకు. సోమవారం నా బిడ్డ వస్తది, మా చెల్లె తోల్కొస్తది. చెయ్యి జర నయమైతే రెండింతలు కుడత" అంది. నేను ఆమె మొహంలోకి చూడలేదు. ఒక్క పేరు దాచినా నా శిక్ష తగ్గదేమోనని భయం. రాసేశాను.

సోమవారం పొద్దున్నే యాదమ్మ నూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని మగ్గం ముందు కూర్చుంది. నేను రాశానని ఆమెకు తెలియదు. ఒక్కొక్క పేరే పిలుస్తున్నారు, పిలిచినప్పుడల్లా ఈమె లేవబోయి మళ్ళీ కూర్చుంటోంది. చివరికి తానే తలుపు దాకా వెళ్ళి అడిగితే, "నీకు లేదు, లిస్టులో ఉన్నావు" అంది వార్డర్. ఆమె ఆరేళ్ళ పిల్ల, పిన్నితో కలిసి ఆ రోజంతా గేటు బయట ఫుట్‌పాత్ మీద కూర్చుందట, పొద్దువాలే వేళకు లేపి పంపించేశారట.

యాదమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తిడుతుందని చూశాను, కొడుతుందని చూశాను. ఆమె మాత్రం, "అక్కా, నువ్వు కిరస్తానీ గదా? మీ దేవునికి జర చెప్పు, నా బిడ్డ బుగులు పడకుండ ఇల్లు చేరాలె అని" అంది.

ఆ మాట నన్ను చంపేసింది. దేవుణ్ణి మరిచి ఏడెనిమిదేళ్ళయింది నాకు, నా ప్రార్థన ఆయన చెవిన పడుతుందని నేను కీడు చేసిన మనిషి నమ్ముతోంది. లాకప్ వేశాక గోడ వైపు తిరిగి మోకరించాను. "ప్రభువా, ఆ బిడ్డను భయపడకుండా ఇల్లు చేర్చు. ఆమె నన్ను అడిగింది, నేను నిన్ను అడుగుతున్నాను. నా చేతిలోంచి ఆ కాగితం తీసెయ్యి తండ్రీ, నా అంతట నేను తీసెయ్యలేను" అని, అంతే అన్నాను.

తరువాతి శనివారం తెల్ల కాగితం ఇచ్చాను.

"పేర్లేవి?"

"రాయను మేడమ్."

"అందరూ పూర్తి చేశారా?"

"చెయ్యలేదు మేడమ్. అయినా రాయను."

ఆవిడ అరవలేదు. కాగితం మడిచి, "నీ ఫైల్ నా బల్ల మీదే ఉంటుంది, గుర్తుపెట్టుకో" అన్నారు. మర్నాటి నుంచి నన్ను వంటశాలలో బియ్యం ఏరడానికి వేశారు. వేరే ఆవిడ మాస్టర్ అయింది, కాగితం ఆగలేదు. ఆడవాళ్ళు కూడా నాతో మాట్లాడడం మానేశారు. ఇన్నాళ్ళూ రాసి ఇప్పుడు మంచిదానివయ్యావా అని ఒకావిడ నా మొహం మీదే అంది. నేను బియ్యం చేట దగ్గరికి జరుపుకున్నాను.

అలా ఉండగా ఒక జడ్జిగారు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. ముందురోజు మగ్గాలన్నీ స్టోర్ రూములో పెట్టి తాళం వేశారు. యూనిఫారాలు తప్ప ఇంకేం కుట్టం అని చెప్పాలని అందరికీ నేర్పించారు. నాకు శిక్ష ఇంకా ఏడాదిన్నర ఉంది. ఒక్క మాట జారితే ఆ ఏడాదిన్నర ఎలా గడుస్తుందో నాకు తెలుసు.

జడ్జిగారు ఆడమనిషి, పెద్దావిడ. అందరినీ వరసగా నిలబెట్టారు. "ఏమమ్మా, ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అని ఒక్కొక్కరినే అడుగుతూ వస్తున్నారు, వెనకాలే ఆ అధికారిణి. ఏ ఇబ్బందులూ లేవమ్మా అంటున్నారు అందరూ. నా వంతు వచ్చింది. ప్రభువా ప్రభువా అనుకోవడం తప్ప ఇంకేమీ తోచలేదు. జడ్జిగారు ఒక్క క్షణం చూసి పక్కకు కదలబోయారు. అప్పుడు నా గొంతు నాకే వినబడింది. "అమ్మా, యాదమ్మ చెయ్యి చూడండి."

యాదమ్మ చెయ్యి కొంగులో దాచుకుంది.

"కుట్టుమిషను సూది గుచ్చుకుంది మేడమ్" అన్నారు అధికారిణి.

"కాదమ్మా, మగ్గం సూది. మగ్గాలు స్టోర్ రూములో ఉన్నాయి. కూలి లేకుండా చేయించారు, చెయ్యకపోతే ములాఖత్ ఆపారు. ఎవరికి ఆపాలో పేర్లు రాసిచ్చింది నేనే. ఈమె పేరు కూడా నేనే రాశాను."

జడ్జిగారు తాళం తెరవమన్నారు.

అంతటితో అయిపోలేదు. విచారణ అని వాంగ్మూలాలు తీసుకున్నారు, అవి తీసుకుంటున్నన్నాళ్ళూ ఆ అధికారిణి అక్కడే ఉన్నారు. రోజుకు పదిసార్లు నా ముందు నుంచి నడిచి వెళ్ళేవారు. పన్నెండో రోజు ఆవిడను అక్కడి నుంచి పంపించేశారు. మగ్గాలు వెళ్ళిపోయాయి. ములాఖత్‌లు తిరిగొచ్చాయి. చేసిన పనికి కూలి ఆ షాపు దగ్గర కట్టించి ఇప్పించారు, చాలా నెలలు పట్టింది, అయినా అందరికీ అందింది. నాకు శిక్షలో ఒక్క రోజు తగ్గలేదు, మూడేళ్ళూ ఉన్నాను. యాదమ్మ వేలు ఇప్పటికీ వంగదు. ఆ సంగతి మీకు దాచను.

యాదమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చాక, మొదటి ములాఖత్ అయిన రోజు ఆమె వంటశాల దాకా వచ్చింది. "అక్కా, గా రోజు నా బిడ్డ బస్సెక్కంగనే మా చెల్లె ఒళ్ళ పడుకుందంట, పొద్దుగాల దాక లేవలేదంట. బుగులు పడలేదంట. మీ దేవుడు ఇన్నడు" అని చెప్పి, నా పక్కన కూర్చుని ఎడమచేత్తో చేటలో రాళ్ళు ఏరింది. నేను ఆ చేటలోకి కన్నీళ్ళు కార్చాను. సహోదరులారా, నా బ్రతుకులో నేను క్షమాపణ పొందిన గడియ అదే. దేవునికే మహిమ.

ఇప్పుడు యాదమ్మ కూడా బయటే ఉంది, మోతీనగర్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఆమె మన సంఘానికి రాదు, ఎల్లమ్మకు మొక్కుకుంటుంది, నేను బలవంతపెట్టలేదు. పండక్కి నేను వెళ్తాను, నా పుట్టినరోజుకి ఆమె వస్తుంది.

మీలో ఎవరైనా ఈ రోజు ఒక మాట చెప్పలేక గుండెలో దాచుకుని కూర్చుని ఉంటే, ధైర్యం వచ్చాక చెబుదామని ఆగకండి, నాకు ధైర్యం రానే లేదు. భయపడుతూనే నోరు తెరిచాను, మిగిలినది ఆయన చూసుకున్నాడు. నా తండ్రి మీకూ తండ్రే, ఆయన్ని నమ్మండి. వచ్చే బుధవారం మన సహోదరీలు నలుగురు అనుమతి తీసుకుని ఆడవాళ్ళ జైలుకి ప్రార్థనకు వెళ్తున్నారు, నేనూ వెళ్తున్నాను. వచ్చేవాళ్ళు ఆరాధన అయ్యాక నన్ను కలవండి, ఆ గేటు దాకా నేను మీ పక్కనే నడుస్తాను.